అవతలి చెవి

పదకొండు వేల నాలుగు వందల మందిని మూడు వందల అరవై అయిదు రోజులకు పంచితే రోజుకు ముప్పై ఒక్కరు పుట్టాలి, ఒకరిద్దరు అటూ ఇటూ, మరి జూన్ పన్నెండో తారీఖు ఒక్కదాన్నే పట్టుకుని పదమూడు వందల మంది ఎలా పుట్టుకొచ్చారు, పుట్టినవాళ్లు పుట్టినట్టు అందరూ ఆటో డ్రైవర్లే ఎలా అయ్యారు, అని నిన్న సాయంత్రం బీమా ఆఫీసులో గౌతమ్ స్క్రీన్ మీద ఆ పొడుగాటి గీత చూపించి నవ్విన నవ్వు వేదవతి చెవుల్లోంచి ఇంకా పోలేదు, తనూ నవ్వింది, నవ్వాల్సినదానికంటే కాస్త ఎక్కువే నవ్వింది, ఎందుకో, సరే అది తరవాత, పనామా చౌరస్తా దగ్గర సిగ్నల్ పడింది, ఆటో ఆగింది, ఇయ్యాల జర ట్రాఫిక్ ఎక్కువుంది మేడం అన్నాడు డ్రైవర్ గోపయ్య అద్దంలోకి చూస్తూ, ఉండనీ, మీటింగు పదకొండింటికి కదా, పదకొండింటికి ఆ కాగితం మీద తను సంతకం పెడితే చాలు, ఆటో యూనియన్ బీమాలో జూన్ పన్నెండు, జూలై ఒకటి, జనవరి ఒకటి, ఈ మూడు తారీఖుల వాళ్లు నాలుగు వేల మంది మున్సిపాలిటీ ఇచ్చిన పుట్టిన సర్టిఫికెట్ తేవాలి, తేనివాళ్ల పేరు కొట్టేస్తారు, గౌతమ్ కుర్రాడు తెలివైనవాడే, లెక్కలో తప్పు లేదు, అదే వయసున్న మిగతావాళ్లలో వంద మంది పోయేచోట ఆ తారీఖుల వాళ్లు నూట ముప్పై ఏడు మంది పోతున్నారు, ఆ రోజు గ్రహాలు బాలేవేమో మేడం అని జోకొకటి, ఆ వెంటనే ముఖం గంభీరంగా పెట్టి, తారీఖే దొంగది ఇచ్చినవాడు ఇంకేం దాచాడో ఎవరికి తెలుసు అన్నాడు, ముప్పై ఏడు అంటే చిన్న తేడా కాదు, ఇరవై ఏళ్లుగా తను తింటున్న తిండే ఈ తేడాలు పట్టుకోవడం, పక్కన బైకు మీద ముగ్గురు, హెల్మెట్ ఒక్కటే, అదీ చేతికి తగిలించుకున్నాడు మహానుభావుడు, వేదవతి కళ్లు వాళ్లకప్పుడే ఓ అంకె వేసేశాయి, ఈ జబ్బు ఇవాళ్టిది కాదు, చుట్టాల పెళ్లిలో అక్షింతలు పట్టుకుని వధూవరులిద్దరూ ఎనభై దాకా బతికే అవకాశం ఎంతో పైకే చెబితే అమ్మ తొడమీద గిల్లి, శుభమా అని పెళ్లికొస్తే ఆ చావు లెక్కలేంటే నీ మొహం అంది, అమ్మ పోయి ఆరేళ్లు, ఆ గిల్లుడు మాత్రం ఉంది.

గోపయ్యకైతే ఈ ఉద్యోగం ఏంటో మొదట్లో అంతుపట్టలేదు, నాలుగేళ్లుగా రోజూ ఎనిమిదిన్నరకి వనస్థలిపురంలో ఇంటి ముందు ఆటో ఆపి ఎల్బీ నగర్ మెట్రో దగ్గర దింపుతాడు, ఓ వానాకాలం పొద్దున అడిగాడు, మీరు మనిషి ఎప్పుడు పోతడో లెక్క జెప్తరంట గద మేడం, వాచ్‌మెన్ అన్నడు, కాదండీ గోపయ్య గారూ, ఏ ఒక్క మనిషి ఎప్పుడు పోతాడో నాకు తెలియదు, వెయ్యి మందిని ఇస్తే ఈ ఏడాది అందులో ఎంతమంది పోతారో చెప్పగలను, అంతే, అంది, ఆయన చింతల్‌కుంట దాటాక మెల్లగా, మరి గా వెయ్యి మందిల నేనున్ననా మేడం అన్నాడు, ఇద్దరూ నవ్వుకున్నారు, జవాబు చెప్పినట్టు గుర్తులేదు, నవ్వితే జవాబు చెప్పక్కర్లేదు కదా, అదో సదుపాయం, ఇవాళ మాత్రం గోపయ్య నవ్వేలా లేడు, చింతల్‌కుంట దాటి ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ కింద సూర్యాపేట బస్సులోంచి మూటలతో దిగుతున్న జనాన్ని తప్పిస్తూ మెట్రో మెట్ల పక్కగా ఆపి, ఆమె డబ్బులు కొట్టడానికి ఫోన్ తీస్తే గీ పైసలు తరవాతగని మేడం, జర ఇది చూడుండ్రి, అని తన ఫోన్ ముందుకు చాపాడు, పగిలిన అద్దం వెనక ఇంగ్లీషు అక్షరాలు, మా బిడ్డ సౌజన్య చదివి చెప్పింది మేడం, పుట్టిన సర్టిఫికెట్ తెమ్మంటున్నరంట, పదిహేను దినాలల్ల తేకపోతే యూనియన్ బీమాలకెళ్లి పేరు తీసేస్తరంట, తొమ్మిది దినాలు అయిపాయె, ఇంట్ల పుట్టినోన్ని నేను, మంత్రసాని చేతుల పుట్టిన, నాకు యాడి సర్టిఫికెట్, వేదవతి చదవక్కర్లేదు, చదివింది, మూడో వరుసలో ప్లీజ్ అన్న మాట, ఆ మాట తనది, గౌతమ్ మస్ట్ అని రాస్తే బాగుండదు బాబూ అని కొట్టేసి ప్లీజ్ అని తనే పెట్టింది, ముందు ఐదొందల మందికి పంపి చూద్దాం మేడం అంటే సరే అని ఒక్క మీట నొక్కింది, పది రోజుల కిందట, టీ తాగుతూ, ఆ ఐదొందల్లో గోపయ్య ఉంటాడని, ఉండడని, అసలు గోపయ్య అనే ఆయన ఒక తారీఖు అవుతాడని తట్టనే లేదు.

మీది గూడ బీమా ఆఫీసే గద మేడం, అక్కడ మీకెవలన్న తెలుసా, అంటున్నాడు గోపయ్య, దొంగకు తేలు కుట్టినట్టయింది ఆమె పని, ఫోన్ ఆయన చేతికిచ్చింది, మొన్న మా అడ్డ మీద దశరథన్న గుండె ఆగి పోయిండు, ఆళ్లింటికి బీమా పైసలొచ్చినయ్, పిల్ల చదువు ఆగలే, గది చూసే నాకు ధైర్యమొచ్చింది, పోయినేడు నాకు సుత దవాఖానల స్టంటు ఏసిండ్రు గద, ఇప్పుడు గీళ్లు తీసేస్తే మల్ల నాకు ఎవలిస్తరు మేడం, నిజమే, ఎవరూ ఇవ్వరు, ఛాతీలో స్టెంటు వేసుకున్న యాభై రెండేళ్ల ఆటో డ్రైవరుకి విడిగా పాలసీ రాసేవాడు ఈ దేశంలో లేడని ఆమెకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు, మీ తారీఖు ఏంటి గోపయ్య గారూ అని అడిగింది, తెలిసే అడిగింది, జూన్ పన్నెండు, మా సారు రాసిండు, అసలుదా, అసలుది ఎవలికెర్క, మా ఊరికి కరెంటు స్తంభాలు నాటిననాడు నువ్వు కడుపుల ఉన్నవ్ అంటుండె మా అమ్మ, ఆరేండ్లప్పుడు బడిల ఏస్తానికి కొంచవోతె సారు ఏమన్నడంటే, చెయ్యి నెత్తిమీదికెళ్లి ఇట్ల ఏసి అవతలి చెవు పట్టుకోరా అన్నడు, గోపయ్య ఖాకీ చొక్కా చేతిని తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకుని చూపించాడు, పక్క ఆటోవాడు వీళ్లకేసి చూస్తున్నాడు, నాకు అందలే మేడం, బక్కగుంటి, పోయి వచ్చే ఏడు రాపో అన్నడు, మల్ల ఏడు గూడ అందలే, మూడో ఏడు అందింది, అప్పుడు రాసుకున్నడు అయిదేండ్లని, అని నవ్వబోయి ఆగిపోయాడు, కనుక్కుంటాను గోపయ్య గారూ, అంది వేదవతి, కనుక్కోవడానికి ఏముంది, తనే కదా.

మెట్లెక్కింది, కార్డు తాకించింది, రైలు ఖాళీగానే ఉంది, ఇక్కణ్నుంచే బయల్దేరుతుంది కనక ఎల్బీ నగర్ వాళ్లకి కూర్చునే భాగ్యం ఉంది, అందలేదు, రెండేళ్లు అందలేదు, మూడో ఏడు అందింది, అప్పుడు అయిదేళ్లని రాశారు, తరవాతి స్టేషన్ విక్టోరియా మెమోరియల్ అని చెబుతోంది గొంతు, తలుపులు ఎడమ వైపు తెరుచుకుంటాయిట, అంటే గోపయ్యకి కాగితంలో యాభై రెండు, ఒంట్లో యాభై అయిదు, యూనియన్‌లో అందరికీ ఇంతేనా, కొత్తపేటలో పండ్ల మార్కెట్టు ఉండిన చోటు కిటికీలోంచి వెనక్కి పోయింది, నాన్న ఆదివారాలు అక్కడికి బస్సులో వచ్చి బత్తాయిల బస్తా కొనేవారు, రసం రోజూ ఉదయం ఒక గ్లాసు, తాగేదాకా ఎదురుగా నిలబడేవారు, తాగు, ఎముక పుష్టి, అని, నాన్న, పట్టాభి మాస్టారు, కృష్ణ ఒడ్డు దాటి నల్లగొండ జిల్లాకి ఉద్యోగానికి వచ్చి ముప్పై ఏళ్లు బళ్లో పిల్లల పేర్లు రాసినాయన, గుండ్రటి అక్షరాలు, నీలం సిరా, చైతన్యపురి, తలుపులు తెరుచుకున్నాయి, జనం తోసుకొచ్చారు, వేదవతి ఇంక తప్పించుకోలేకపోయింది, నిన్న గౌతమ్ ముందు ఎందుకంత నవ్విందో ఆమెకు తెలుసు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నవ్వింది, ప్రతి జూన్ పన్నెండున ఆఫీసులో తనకి కేకు కోయిస్తారు, పదో తరగతి మెమో, పాన్ కార్డు, పాస్‌పోర్టు, ఏక్చువరీ అనే బీమా లెక్కల పరీక్షల హాల్ టికెట్లు, తన సొంత బీమా పాలసీ, అన్నిట్లోనూ వేదవతి పుట్టింది జూన్ పన్నెండునే, ఇంట్లో మాత్రం అమ్మ కార్తీక బహుళ పంచమికి పరమాన్నం వండేది, రెండు పుట్టినరోజులు ఎవరికి లేవు, అందరికీ ఉంటాయి అనుకుని పెరిగింది, మనకుంటే ముచ్చట, ఆటో డ్రైవరుకుంటే దొంగ తారీఖు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగిపోయింది, దిగాలని అనుకోలేదు, కాళ్లు దిగాయి, ప్లాట్‌ఫాం చివర బెంచీ మీద కూర్చుంది, ఇంకో రైలొస్తుంది, ఇంకోటొస్తుంది, తొందరేముంది, మెట్ల మీంచి కోచింగ్ పిల్లలు బరువు సంచులతో దిగుతున్నారు, పక్కన ఒకమ్మాయి ఫోన్లో ఏదో ఉద్యోగం ఫారం నింపుతూ స్నేహితురాలితో, ఏయ్ మెమోల ఉన్న డేటే కొట్టాలె, అసలు డేట్ కొడితే రిజెక్ట్ చేస్తరు, అంటోంది, మెమోలో ఉన్నదే నిజం, అవును తల్లీ, కొట్టు, వేదవతి ఇంటికి ఫోన్ చేసింది, ఆరు మోగుళ్లకి ఎత్తారు నాన్న, ఏమ్మా, ఏదైనా మర్చిపోయావా, లేదు నాన్నా, టిఫిన్ తిన్నారా, తిన్నాను, ఉప్మాలో ఉప్పు లేదు, మీకు బీపీ అంటుంది వంటావిడ, నా బీపీ ఆవిడకెందుకు, సరే గానీ నాన్నా, మీరు బళ్లో పేరు రాసేటప్పుడు అందరికీ జూన్ పన్నెండు ఎందుకు వేసేవారు, అవతల పేపరు మడిచిన చప్పుడు, ఎందుకేంటే, బడి తెరిచే రోజు అది, ఆ వేళ పిల్లాణ్ని చేయి పట్టుకుని తెచ్చేవాళ్లు, ఎప్పుడు పుట్టాడయ్యా అంటే పెద్ద వాన పడ్డప్పుడు అనేవాళ్లు, గేదె ఈనిన వారం అనేవాళ్లు, రిజిస్టర్లో గేదెకీ వానకీ గడి లేదు కదమ్మా, కొందరు మాస్టార్లు జూలై ఒకటో జనవరి ఒకటో వేసేవారు, మరి ఏడాది, ఏడాది ఎలా తెలిసేది, చెవి అందితే అయిదు నిండినట్టు, మాకు పైవాళ్లు నేర్పిన లెక్క అదే, నాన్నా, తిండి సరిగ్గా లేని పిల్లలకి చెయ్యి సాగదు కదా, ఏడొచ్చినా ఎనిమిదొచ్చినా అందదు కదా, రైలు వచ్చి తలుపులు తెరుచుకుని మూసుకుని వెళ్లిపోయింది, ఉన్నారా నాన్నా, ఉన్నాను, ఆ సంగతి నాకు తెలుసమ్మా, కళ్ల ముందు కనిపిస్తుంటే తెలియకపోవడమేంటి, మూడో ఏడు తిరిగొచ్చినవాడికి పళ్లు ఊడి మళ్లీ వచ్చేవి, అయినా అయిదే వేసేవాణ్ణి, రేప్పొద్దున చిన్న నౌకరీ దొరికితే రెండు మూడేళ్లు ఎక్కువ జీతం తింటాడు కదా అని, నేనివ్వగలిగింది అదొక్కటే, పలకలు కూడా సర్కారువే.

నౌకరీ దొరకలేదు నాన్నా, వాళ్లు ఆటో నడుపుతున్నారు, అని అనబోయి అనలేదు, ఎనభై దాటిన మనిషికి ఉప్పులేని ఉప్మా చాలు, దానిమీద ఇదొకటెందుకు, మరి నాకు, అంది, నాకెందుకు అలా రాశారు, నాకు వానా గేదే కాదు కదా, నీకా, నువ్వు ఆదివారం తెల్లవారుజామున నాలుగుంబావుకి, నేను గడియారం పట్టుకుని వసారాలో నిలబడ్డాను, జాతకం బీరువాలో ఉంది చూసుకో, మరి, మరేముంది, ఆ ఏడు అరవై ఒక్క మందిని చేర్చుకున్నాం, అందరికీ బడి తెరిచిన తారీఖు వేసి నా కూతురికొక్కదానికి పంచాంగం చూసి వేస్తే ఆ పుస్తకం తెరిచినవాడు ఏమనుకుంటాడే, అందుకని అందరితో పాటే వేశాను, నీకూ చెవి పట్టించాను, అందరి ముందూ, మర్చిపోయావా, నీకు రెండు వేళ్లు మిగిలి మరీ అందింది, వాళ్లంతా చప్పట్లు కొట్టారు, అని నాన్న నవ్వి దగ్గి ఫోన్ పెట్టేశారు, వేదవతికి గుర్తొచ్చింది, చప్పట్లు గుర్తొచ్చాయి, గోడవారగా నిలబడి చెవి అందక మెడ వంచి తంటాలు పడుతున్న బక్క పిల్లాడొకడు కూడా గుర్తొచ్చాడు, మెడ వంచొద్దురా అని నాన్న బెత్తంతో భుజం తట్టడం, వాడు తలెత్తి తనకేసి చూడడం, వాడి పేరు మాత్రం ఎంత తడిమినా దొరకలేదు.

లెక్క దానంతటదే నడిచింది, చేతికి పెన్ను కూడా అక్కర్లేదు, నలభై అయిదు దాటాక ఏడాదికేడాది చావు అవకాశం నూటికి పది చొప్పున పెరుగుతుంది, మూడేళ్లంటే పది మీద పది మీద పది, నూటికి ముప్పై మూడు, గౌతమ్ తెచ్చినది ముప్పై ఏడు, మిగిలిన నాలుగూ గాలికి కొట్టుకుపోయే నాలుగు, అంటే దొంగతనం లేదు, దాపరికం లేదు, యాభై రెండని రాసి ఉన్నవాళ్లు యాభై అయిదేళ్ల మనుషుల్లా పోతున్నారు, ఎందుకంటే వాళ్లు యాభై అయిదేళ్ల మనుషులు కనక, దీనికి ఇన్ని గ్రాఫులా, ఇరవై ఏళ్లు వయసు అనే గడిని దేవుడు నింపినట్టు చూసిందే తప్ప ఎవరో ఒక మాస్టారు నీలం సిరాతో నింపారని అనుకోలేదు, అందులో ఒక మాస్టారు తన ఇంట్లోనే ఉప్మా తింటున్నారు, ఇంకా నయం, గౌతమ్‌కి ఫోన్ చేసింది, మేడం బయల్దేరారా, పదకొండుకి, అంటున్నాడు, గౌతమ్, ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను, ఆ మూడు తారీఖుల వాళ్లందరికీ వయసు మూడేళ్లు కలిపి లెక్క మళ్లీ వెయ్యి, నీ ముప్పై ఏడు పోతుంది చూడు, వచ్చిన తేడా యూనియన్ మొత్తానికి పంచు, తలకి నెలకో టీ ఖర్చు పడుతుంది, ఎవర్నీ తియ్యక్కర్లేదు, మేడం తప్పు తారీఖు ఇచ్చినవాళ్లని అలా ఎలా వదిలేస్తాం, పైవాళ్లు ఒప్పుకోరు, వాళ్లివ్వలేదు గౌతమ్, వాళ్లకిచ్చారు, అయిదేళ్ల పిల్లాడు తారీఖు ఎక్కడ ఇస్తాడు, ఒప్పించడం నా పని, ముందు ఆ ఐదొందల మందికి పంపిన మెసేజ్ తప్పని ఇవాళే ఇంకోటి పంపు, తెలుగులో పంపు, ఇంకో సంగతి, మన గ్రూప్ పాలసీలో ఉద్యోగుల జాబితా తియ్యి, జూన్ పన్నెండు వెతుకు, కీబోర్డు చప్పుడు, ఆగింది, మేడం ఇది మీరు కదా, అన్నాడు మెల్లగా, అవును, నాది ఏడాదీ ఏడు నెలలు తక్కువ, అది కూడా ఇవాళే రాసి ఇస్తాను, పదకొండింటికి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఫోన్ సంచిలో వేసుకుంది, భయం వేసింది, బాగానే వేసింది, ఉద్యోగానికేమైనా అయితే అన్న లెక్క కూడా ఒకటి వేయబోయి మానేసింది, మూడో రైలు మలక్‌పేట వైపు వెళ్లిపోతోంది, సాయంత్రం గోపయ్యకి ఆ మెసేజ్ రాసింది నేనే అని చెప్పాలి, చెబితే ఏమంటాడో, గా వెయ్యి మందిల నేనున్ననా మేడం, అని అడిగిన మనిషికి నాలుగేళ్లు నవ్వే జవాబుగా ఇచ్చింది, వెయ్యి మందినీ పైనుంచి చూడడానికి ఎక్కడో ఒక కుర్చీ ఉందనీ, కష్టపడి పరీక్షలు రాసి అందులో కూర్చున్నాననీ అనుకుంది, నాన్న మాత్రం ఆ కుర్చీ ఆనాడే లాగేశారు, అరవై ఒక్క పేర్ల మధ్య ఆరో ఏడు నిండిన కూతుర్ని కూడా నిలబెట్టి, వేదవతి ఎవరైనా చూస్తారేమోనని ఇటూ అటూ చూసింది, ఫారం నింపుతున్న అమ్మాయి చూస్తూనే ఉంది, చూడనీ, కుడిచెయ్యి ఎత్తి తల మీదుగా వేసింది, చీర భుజం మీద పట్టేసింది, వేళ్లు ఎడమ చెవిని తాకాయి, తాకి దాటాయి, ఇప్పటికీ రెండు వేళ్లు మిగులు, ఆ రెండు వేళ్లూ ఎక్కణ్నుంచి వచ్చాయో ఆమెకు తెలుసు, కొత్తపేట బత్తాయిల నుంచి, తాగేదాకా ఎదురుగా నిలబడ్డ మనిషి నుంచి వచ్చాయి, గోపయ్యకీ తనకీ తారీఖు ఒకటే, తేడా ఆ రెండు వేళ్లే, ఇన్నేళ్లుగా తను కొలుస్తున్నది దాన్నే.